ఒక చెరువును ఏడాది పాటు వినడం ఎలా? ఓరుగల్లు చుట్టుపక్కల శబ్దపటం తయారుచేసే పద్ధతి

రామప్ప చెరువును జూన్‌లో ఫోటో తీసినా, నవంబర్‌లో తీసినా నీటి మట్టం తప్ప పెద్ద తేడా కనపడదు. అదే కట్ట మీద కళ్లు మూసుకుని కూర్చుంటే అవి రెండు వేర్వేరు చెరువులు. జూన్‌లో కప్పలు, ఉరుము, తడిసిన గడ్డిలో పురుగులు. నవంబర్‌లో వరికోత మిషన్లు, వలస వచ్చిన బాతులు, తెల్లవారుజామున ఎక్కడో దూరపు గుడి మైకు. కాలం ఒక చోటి మీద ఎలా నడుస్తుందో తెలుసుకోవాలంటే చెవి చాలా నమ్మకమైన దారి. మన దగ్గర బొమ్మలు వేసేవాళ్లు, ఫోటోలు తీసేవాళ్లు ఎందరో ఉన్నారు కానీ ఈ దారిలో నడిచినవాళ్లు తక్కువ. అందుకే ఈ మార్గదర్శి.

ఇలాంటి పని వేరే దేశాల్లో చాలామంది కళాకారులు చేశారు. న్యూజిలాండ్‌లో పుట్టిన ఆనియా లాక్‌వుడ్ అమెరికాలోని హడ్సన్ నదిని పుట్టిన కొండల నుంచి సముద్రం దాకా అక్కడక్కడా రికార్డు చేసి, 1982లో ఆ నదికి ఒక శబ్దపటం, అంటే శబ్దాలతో చేసిన మ్యాపు, తయారుచేసింది. స్కాట్లాండ్ కళాకారిణి కేటీ పాటర్‌సన్ 2007లో ఐస్‌లాండ్‌లో హిమానీనదం కరిగి చేరే నీళ్లలోకి మైకు దించి, దాన్ని ఒక ఫోన్ నంబరుకు కలిపింది. ఎవరు ఫోన్ చేసినా మంచు కరుగుతున్న చప్పుడు వినిపించేది. వాళ్ల పనిని ఇక్కడ మళ్లీ చేయాల్సిన అవసరం లేదు. మనకు మన లెక్కలున్నాయి, మన పటం ఉంది. కార్తెల లెక్కన వినడం, విన్నదాన్ని చేర్యాల బొమ్మల పద్ధతిలో పొడవైన గుడ్డ పటంగా గీయడం, చివరకు ఆ ఊరి చెరువు కట్ట మీదే వినిపించడం: ఈ మూడూ కలిపితే ఒక ఏడాది పని.

చోటును ఎంచుకోవడం

ఒక్క చోటే ఎంచుకోండి. పది చోట్లు తిరిగితే పది అందమైన ముక్కలు దొరుకుతాయి కానీ మార్పు వినపడదు. మార్పు వినాలంటే అదే చెట్టు కింద, అదే రాయి మీద మళ్లీ మళ్లీ కూర్చోవాలి.

మారుమూల అనగానే చాలామంది నేరుగా ఏటూరునాగారం అడవుల్లోకో, వాజేడు దగ్గరి బొగత జలపాతానికో బయలుదేరతారు. మొదటి ఏడాదికి జలపాతం వద్దని నా సలహా. జలపాతం హోరు అన్ని స్థాయిల శబ్దాలనూ కప్పేస్తుంది. వానాకాలంలో బొగత ముందు నిలబడితే పక్క మనిషి మాటే వినపడదు, పిట్ట సంగతి సరేసరి. బొగతే కావాలనుకుంటే దానికి దూరంగా అడవిలోకి నడిచి, హోరు సన్నగా మారి ఆకుల చప్పుడు మొదలయ్యే చోట ఆగండి. అదే మీ చోటు.

నేను మొదటగా సూచించేది చెరువు. కాకతీయుల కాలపు గొలుసుకట్టు చెరువుల్లో ఏదైనా ఒకటి. గణపతిదేవుడు పాలించిన 1199-1262 మధ్య కాలంలో పాకాల, రామప్ప లాంటి పెద్ద చెరువులు కట్టారు. వాటితో పాటు పేరు బయటికి తెలియని ఊరి చెరువులు వందల్లో ఉన్నాయి. చిన్న ఊరి చెరువే మేలు. ఎందుకంటే చెరువు దగ్గర శబ్దాలకు హద్దులు స్పష్టంగా ఉంటాయి. ఒకవైపు నీళ్లు, ఒకవైపు కట్ట, కట్ట కింద పొలాలు, శిఖంలో (నీళ్లు తగ్గాక బయటపడే చెరువు నేలలో) మేసే బర్రెలు, తూము దగ్గర నీటి గలగల, కట్ట మైసమ్మ దగ్గర ఆదివారం డప్పు. ఎటు తిరిగితే ఏం వినపడుతుందో మొదటి రోజే అర్థమవుతుంది.

చెరువు కాకుండా రాయి కావాలనుకునేవాళ్లకు జయశంకర్ భూపాలపల్లి జిల్లా రేగొండ మండలంలోని పాండవుల గుట్టలు ఉన్నాయి. ఇసుకరాతి గోడల మీద ఆదిమ మానవుల చిత్రాలున్న చోటది. అక్కడ గోడకు ఎదురుగా నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టి, ప్రతిధ్వని ఎంతసేపటికి వచ్చిందో చూడండి. గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 343 మీటర్లు పోతుంది. వెళ్లి రావాలి కాబట్టి అర సెకనులో తిరిగొస్తే ఆ గోడ మీకు 85 మీటర్ల దూరంలో ఉన్నట్టు. తాడ్వాయి మండలం దామరవాయి దగ్గర రాతి పలకలతో కట్టిన ఇనుపయుగపు సమాధులు గుట్ట మీద వరుసగా కనిపిస్తాయి. అక్కడ చప్పట్లు కూడా వద్దు. కూర్చుని వింటే చాలు.

ఎంచుకునేముందు ఆ చోటికి ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి వెళ్లండి. లక్నవరం లాంటి చోట వేలాడే వంతెన దగ్గర ఆదివారం జనం, పాటలు, బోటు మోటార్లు. అదే చెరువు వెనక గట్టున మంగళవారం ఉదయం పూర్తిగా వేరే లోకం.

అడగాల్సినవాళ్లను అడగడం

పాకాల, ఏటూరునాగారం వన్యప్రాణి అభయారణ్యాలు. లోపల కూర్చుని రికార్డు చేయాలంటే అటవీశాఖ రేంజ్ ఆఫీసులో ముందే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. రామప్ప గుడి కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది, 2021 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో ఉంది. అక్కడ స్టాండు పెట్టాలన్నా అనుమతి కావాలి. గుడిలో ఒక శిల్పాన్ని తడితే సరిగమలు పలుకుతాయని గైడ్లు చూపిస్తుంటారు. దయచేసి తట్టకండి, తట్టమని అడగకండి. ఎనిమిది వందల ఏళ్ల రాయి అది. వచ్చిన ప్రతి ఒక్కరూ ఒక్కసారి తట్టినా ఆ చెక్కడం నిలవదు.

ఊరి చెరువైతే సర్పంచ్‌కు, పంచాయతీ కార్యదర్శికి చెప్పండి. అంతకన్నా ముఖ్యం, చెరువు నీళ్లను చూసుకునే నీరటిని కలవండి. తూము ఎప్పుడు ఎత్తుతారు, మత్తడి (చెరువు నిండితే నీళ్లు పొర్లి బయటికి పోయే చోటు) ఎప్పుడు దుంకుతది, చేపలు ఎప్పుడు పడతారు అన్న సంగతులన్నీ ఆయనకు తెలుసు. చీకట్లో హెడ్‌ఫోన్లు పెట్టుకుని కట్ట మీద కూర్చున్న కొత్త మనిషిని చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. ముందే పరిచయమైతే "ఆ చెరువు సప్పుడు వినే సారు" అంటారు, అంతే.

ఒక ప్రాణాపాయం గురించి గట్టిగా చెప్పాలి. అడవి పక్క ఊళ్లలో పందులు రాకుండా కొందరు పొలాల చుట్టూ కరెంటు తీగలు పెడతారు. రాత్రిపూట చేన్లకు అడ్డంగా నడవకండి. ఏ తీగ మీదా మైకు గానీ చెయ్యి గానీ పెట్టకండి, అది మామూలు కంచె అని రైతు తానే చెబితే తప్ప. వానాకాలం పిడుగుల వేళ కట్ట మీద ఉండొద్దు. మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే కిలోమీటర్లు వస్తాయి. ముప్పై సెకన్ల లోపు వినపడితే లేచి పక్కా ఇంట్లోకి వెళ్లండి. మోకాళ్ల దాకా బూట్లు, టార్చిలైటు, తోడుగా ఊరి మనిషి ఒకరు తప్పనిసరి.

కార్తెకు ఒక్కసారి

ఏడాదిలో 27 కార్తెలు. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే 13-14 రోజులు ఒక కార్తె. మన రైతులు ఇప్పటికీ విత్తనం, నాటు, కోత ఈ లెక్కనే మాట్లాడుకుంటారు. నెలకోసారి వెళ్తే మధ్యలో జరిగిన మార్పు జారిపోతుంది, వారానికోసారి వెళ్లడం ఉద్యోగం చేసుకునేవాళ్లకు కుదరదు. కార్తెకు ఒకసారి వెళ్లడం సరిగ్గా సరిపోతుంది.

మే 25 ప్రాంతంలో రోహిణి, జూన్ 8 ప్రాంతంలో మృగశిర, 22 ప్రాంతంలో ఆరుద్ర మొదలవుతాయి. ఎక్కడైనా మొదలుపెట్టొచ్చు కానీ రోహిణిలో మొదలుపెడితే మీరు అదృష్టవంతులు. రోహిణి ఎండలో చెరువు దాదాపు మూగగా ఉంటుంది. ఎండిన తుమ్మ కాయలు గాలికి గలగలలాడతాయి, ఎక్కడో తీతువు అరుస్తుంది, మధ్యాహ్నం అదీ ఉండదు. మృగశిరలో మొదటి వాన పడ్డ రాత్రి కప్పలన్నీ ఒక్కసారి గొంతు విప్పుతాయి. రెండు రికార్డింగులు పక్కపక్కన పెట్టి వింటే ఏడాదంతా ఈ పని చేయాలన్న పట్టుదల దానంతట అదే వస్తుంది. మఖ, పుబ్బ నాటికి చెరువు నిండితే మత్తడి చప్పుడు మొత్తం పటాన్ని ఆక్రమిస్తుంది. చిత్త, స్వాతి వచ్చేసరికి ఆ హోరు తగ్గి కోత మిషన్లు మొదలవుతాయి.

ప్రతిసారీ ఒకే సమయానికి వెళ్లాలి. సూర్యోదయానికి అరగంట ముందు మంచి సమయం. చలికాలం తెల్లవారుజామున నీటి మీద చల్లగాలి, దానిపైన కొంచెం వెచ్చటి గాలి పొర ఉంటుంది. పైకి పోయే శబ్దం ఆ పొర దగ్గర వంగి మళ్లీ కిందికి దిగుతుంది. అందుకే పుష్యమాసంలో కట్ట మీద కూర్చుంటే పగలు ఎప్పుడూ వినపడని దూరపు రైలు కూత, పక్క ఊరి సుప్రభాతం చెవి దగ్గరే ఉన్నట్టు వస్తాయి.

పరికరాలు

ఫోన్‌తో మొదలుపెట్టండి. ఫోన్‌లో మామూలుగా ఉండే రికార్డర్ యాప్ మనిషి మాట కోసం తయారైంది. చుట్టూ ఉన్న చప్పుడును రొద అనుకుని తగ్గించేస్తుంది, మనకు కావలసింది ఆ చప్పుడే. కాబట్టి వేవ్ ఫార్మాట్‌లో, నాయిస్ తగ్గింపు ఆపేసి రికార్డు చేయనిచ్చే యాప్ వేసుకోండి. కొంచెం డబ్బు పెట్టగలిగితే చేతిలో పట్టే స్టీరియో రికార్డర్ కొనండి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ సెట్టింగ్ పెట్టండి, పెద్ద చప్పుడు కూడా మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా గెయిన్ (శబ్దాన్ని లోపలికి తీసుకునే స్థాయి) ఉంచండి. గాలి తగలకుండా మైకుకు బొచ్చు తొడుగు తప్పనిసరి. చెరువు కట్ట మీద తొడుగు లేకుండా చేసిన రికార్డింగ్ దేనికీ పనికిరాదు. తొడుగు లేకపోతే నూలు గుడ్డ నాలుగు మడతలు చుట్టి, కట్టకు దిగువగా గాలి మరుగున కూర్చోండి.

ఇక ఇంట్లో చేసుకోగల ఒక పరికరం మీ వినికిడినే మార్చేస్తుంది. ఎలక్ట్రానిక్స్ సామాన్ల షాపులో కొన్ని రూపాయలకే పీజో బిళ్ల దొరుకుతుంది, 27 మిల్లీమీటర్లది అడగండి. షీల్డ్ ఉన్న ఆడియో వైరు లోపలి తీగను బిళ్ల మధ్య తెల్లటి భాగానికి, బయటి అల్లికను ఇత్తడి అంచుకు టంకం వేయండి. రెండో కొసకు రికార్డర్ మైక్ సాకెట్‌కు సరిపోయే 3.5 మిల్లీమీటర్ల జాక్ పెట్టండి. ఇది గాలిలోని శబ్దాన్ని దాదాపు పట్టదు, తాకిన వస్తువులోని కంపనాన్ని పడుతుంది. తాటిచెట్టు మొదలుకు గుడ్డతో గట్టిగా కట్టండి, పైన మట్టలు ఊగే చప్పుడు మాను లోపలి నుంచి వస్తుంది. తూము చెక్కకు ఆనిస్తే నీటి ఒత్తిడి వినపడుతుంది. బిళ్లకు రెండువైపులా గ్లూ గన్‌తో మందంగా పూసి, బెలూన్‌లో పెట్టి మూతి బిగించి నీళ్లలోకి దించితే చెరువు లోపలి లోకం తెరుచుకుంటుంది. నీటి పురుగులు గీకే చప్పుడు ఒకటి. ఎండ ఎక్కేకొద్దీ నీటిమొక్కల నుంచి ప్రాణవాయువు బుడగలు వదులుతున్న సన్నని టిక్ టిక్ ఇంకొకటి. పైన నిశ్శబ్దంగా ఉన్న చెరువు కింద ఇంత సందడి ఉందని తెలిసిన రోజు ఎవరికైనా గుర్తుండిపోతుంది.

వినడం

రికార్డర్ తీయకముందే వినాలి. ఈ వరుస మార్చకండి. మెషీన్ చేతిలో ఉంటే మనసు మీటర్ మీద ఉంటుంది.

చోటికి చేరగానే ఐదు నిమిషాలు ఏమీ చేయకుండా కూర్చోండి. మీరు నడిచొచ్చిన అలికిడికి ఆగిపోయిన పిట్టలూ కప్పలూ మళ్లీ మొదలుపెట్టడానికి ఆ సమయం కావాలి. తర్వాత కళ్లు మూసుకుని పదిహేను నిమిషాలు. మొదటి ఐదు దగ్గరి శబ్దాలకు: మీ ఊపిరి, బట్టల రాపిడి, చెవి పక్క దోమ, చేయి చాచితే అందే గడ్డి. తర్వాతి ఐదు నడిమి శబ్దాలకు: చెరువులో చేప ఎగిరిన చప్పుడు, బర్రె మెడలో గంట, కట్ట మీద సైకిల్. చివరి ఐదు దూరానికి: అవతలి ఊరి ట్రాక్టర్, కుక్కలు, భూపాలపల్లి వైపైతే ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగ్ అదురు. వినపడే అన్నిటికన్నా దూరపు శబ్దం ఏదో తేల్చుకోవడం ఈ అభ్యాసానికి ప్రాణం. అంత దూరం దాకా మీ చెవి విచ్చుకుంది అన్నమాట. అంతకన్నా దూరంలో ఇంకొకటి ఉందేమో అని వెతకండి, చాలాసార్లు ఉంటుంది.

కళ్లు తెరిచి నోటుబుక్కులో మధ్యలో ఒక చుక్క పెట్టండి, అది మీరు. చుట్టూ మూడు వలయాలు గీయండి. ఏ శబ్దం ఎటునుంచి, ఎంత దూరం నుంచి వచ్చిందో గుర్తులు వేయండి. పిట్ట పేరు తెలియకపోతే ఫరవాలేదు, అది పలికిన తీరును గీతగా గీయండి: పైకి లేచే గీత, తెగిన గీతలు, వణికే గీత. ఈ గీతలే తర్వాత పటంలో బొమ్మలవుతాయి. పేజీ అడుగున మూడు ప్రశ్నలకు జవాబు రాయండి. అన్నిటికన్నా పెద్దది ఏది? అన్నిటికన్నా సన్ననిది ఏది? పోయిన కార్తెలో ఉండి ఇప్పుడు లేనిది ఏది? ఏడాది చివర్లో ఈ మూడో జవాబులన్నీ వరుసగా చదివితే చెరువు కథ అక్కడే ఉంటుంది.

రికార్డింగ్

రికార్డర్‌ను స్టాండు మీదో, కొమ్మకో బిగించి మొదట మీ గొంతుతో చెప్పండి: "ఆరుద్ర కార్తె, జూన్ 24, తెల్లవారుజాము ఐదుంబావు, పెద్ద చెరువు మత్తడి పక్క, మబ్బు పట్టి ఉంది, గాలి లేదు." తర్వాత పదిహేను అడుగులు దూరంగా వెళ్లి పన్నెండు నిమిషాలు కదలకుండా కూర్చోండి. చేత్తో పట్టుకుని చేస్తే వేళ్ల చప్పుడు పడుతుంది.

పిట్టలు దగ్గరికి రావాలని వాటి కూతలను ఫోన్‌లో పెట్టి వినిపించే అలవాటు కొందరికి ఉంది. గూడు కట్టే కాలంలో అది వాటిని బెదరగొడుతుంది, ఆహారం వదిలి కొట్లాటకు వస్తాయి. ఎప్పుడూ చేయొద్దు.

మనుషుల గొంతులు

చెరువు శబ్దమంటే నీళ్లూ పిట్టలే అనుకుంటే సగం వదిలేసినట్టు. గౌడన్నలు తాడెక్కే చప్పుడు, చాకిరేవు బండ, చేపలు పంచుకునేటప్పుడు పేర్లు పిలవడం, అన్నీ ఆ చోటివే. పెద్దవాళ్లను ఒక్క ప్రశ్న అడగండి: "నీ సిన్నప్పుడు ఇక్కడ ఏం ఇనపడేదవ్వా, ఇప్పుడు ఏం ఇనపడ్తలేదు?" మోటబావి గిలక, ఎడ్ల బండి, రాత్రి కావలి కేకలు బయటికొస్తాయి. రికార్డు చేస్తున్నామని ముందే చెప్పాలి, వద్దంటే వాళ్ల ముందే చెరిపేయాలి.

కోయ, గోండు గూడేల్లో ఇంకా జాగ్రత్త కావాలి. సమ్మక్క సారలమ్మ వంశ గాథలను డోలు వాయిస్తూ నోటితో పాడే కోయ డోలి కళాకారులు ఉన్నారు, వాళ్లలో సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. తరతరాల కాలాన్ని గొంతులో దాచుకున్న మనుషులు వాళ్లు. ఆ పాట మీ ప్రాజెక్టుకు ముడిసరుకు కాదు. పిలిస్తే వెళ్లండి, కొలుపుల సమయంలో మైకు బయటికి తీయకండి, పాడినందుకు డబ్బు ఇవ్వడం మర్చిపోకండి.

ఇంటికొచ్చాక

అదే రోజు ఫైలుకు పేరు పెట్టండి: కార్తె, తేదీ, చోటు. రెండు చోట్ల కాపీ ఉంచండి. శబ్దాలను సరిచేసుకునే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. అందులో 80 హెర్ట్జ్ కింద ఉన్న గాలి హోరును కోసేస్తే చాలు. వెనక వేణువు కలపొద్దు. ట్రాక్టర్ చప్పుడు, డీజే బాక్సుల దబదబ తీసేయాలనిపిస్తుంది, తీయకండి. కాకతీయుల చెరువు ఈ రోజు ఇలా వినిపిస్తోంది. యాభై ఏళ్ల తర్వాత వినేవాళ్లకు ఆ ట్రాక్టరే అరుదైన శబ్దం కావచ్చు.

పటం గీయడం

చేర్యాల పటం పొడవుగా కిందికి జారే గుడ్డ. అడ్డగీతలతో గళ్లుగా విడదీసి, ఒక్కో గడిలో కథలో ఒక్కో ఘట్టం వేస్తారు. కాకిపడగలవాళ్లు, మందెచ్చులవాళ్లు లాంటి కథకులు దాన్ని విప్పుతూ ఊరి ముందు కథ చెబుతారు. కాలాన్ని ఇంత చక్కగా కంటి ముందు పరిచే రూపం మనకు ఇంకొకటి లేదు. 27 కార్తెలకు 27 గళ్లు.

మూడడుగుల వెడల్పు ఖాదీ గుడ్డ తీసుకోండి. గడికి ఒక అడుగు చొప్పున 27 అడుగులు, పైనా కిందా కర్రలు చుట్టడానికి ఇంకో రెండు అడుగులు. గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు కలిపి పూత వేసి, పూర్తిగా ఆరనిచ్చి, మళ్లీ పూయాలి. మూడు పూతలైతే గుడ్డ రంగు పట్టుకుంటుంది. చింతగింజల జిగురు ఇంట్లో చేసుకోవాలంటే గింజలు రాత్రంతా నానబెట్టి, మెత్తగా రుబ్బి, నీళ్లలో ఉడికించి వడగట్టండి. చేర్యాలలో పని చేసేవాళ్ల దగ్గర ఒక్క రోజు కూర్చోగలిగితే ఈ పేరా మొత్తం మర్చిపోవచ్చు.

చేర్యాల ఎరుపు నేపథ్యాన్ని అలాగే దించుకోకండి, అది వాళ్ల సంప్రదాయం. మీ చెరువు రంగులు మీరు వెతకండి. కట్ట మట్టిని నీళ్లలో కలిపి, పైకి తేరిన సన్న మట్టిని ఆరబెట్టి జిగురుతో నూరితే నేపథ్యానికి రంగు సిద్ధం. ప్రతి గడినీ ఎడమ నుంచి కుడికి పన్నెండు నిమిషాలు అనుకోండి. అడుగున దగ్గరి శబ్దాలు, మధ్యలో నడిమివి, పై అంచున దూరానివి. నోటుబుక్కులోని గీతలను రికార్డింగ్ వింటూ వాటి సమయం వచ్చిన చోట వేయండి. శబ్దం లేని చోట గుడ్డను ఖాళీగా వదలండి. రోహిణి గడి దాదాపు మట్టి రంగే మిగులుతుంది. మఖ గడి మత్తడి హోరుతో నిండిపోయి కప్పల గీతలకు చోటుండదు. నింపేయాలన్న తొందరలో రోహిణిని పాడుచేయకండి, పటం మొత్తానికి బలం ఆ గడే.

ఇరవై ఏడు గళ్లూ చివర్లో ఒకేసారి వేయొద్దు. ఆ కార్తె గడి ఆ కార్తెలోనే, చెవిలో తడి ఆరకముందే పూర్తి చేయండి.

కట్ట మీద వినిపించడం

పటం పూర్తయ్యాక గ్యాలరీ గురించి ఆలోచించే ముందు ఊరికి తీసుకెళ్లండి. ఎండాకాలం సాయంత్రం, పనులు తక్కువ ఉన్న రోజు చూసి నీరటితో, బడి సారుతో మాట్లాడండి. రెండు కర్రలు పాతి పటం కట్టండి, కథకుల్లాగే ఒక్కో గడి విప్పుతూ ఆ గడి రికార్డింగ్‌లోంచి ఒకటిన్నర నిమిషం వినిపించండి. మొత్తం నలభై నిమిషాల పైచిలుకు. చిన్న బ్యాటరీ స్పీకర్ చాలు, శబ్దం పెద్దగా పెడితే చెరువు అసలు చప్పుడు కప్పుకుపోతుంది. పిల్లలను ముందు వరుసలో కూర్చోబెట్టండి, వాళ్లు మీకన్నా ముందే గుర్తుపడతారు.

జనం మధ్యలో మాట్లాడతారు, ఆపకండి. "గది మా బర్రె గంటనే" అని ఎవరో అంటారు. "ఇగో గీడ మా నాయిన దగ్గు ఇనపడ్తంది" అని ఇంకెవరో అంటారు. ఆ మాటలు పక్కన ఒకరు రాసుకోవాలి. మీరు తెలియదని వదిలేసిన పిట్టల పేర్లు కూడా ఆ సాయంత్రమే దొరుకుతాయి, మర్నాడు వాటిని పటం అంచున రాయండి. రికార్డింగులన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి ఊరి బడికి ఇవ్వండి, ఫైలు పేర్లు తెలుగులోనే ఉండాలి. తర్వాతి రోహిణికి ఎవరైనా పిల్లలు మీతో వస్తామంటే, ఒక నోటుబుక్కు, మూడు వలయాలు గీసిన ఖాళీ పేజీ వాళ్లకూ ఇవ్వండి.